ప్యాకేజీలో పెట్టే సింలింకు అబ్సొల్యూట్‌గా ఉండాలా, రిలేటివ్‌గా ఉండాలా?

అచ్చుపెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో వాడుకునే ఒక తెలుగు ఫాంటును డెబియన్ ప్యాకేజీగా తయారు చేసే పని నాకు అప్పగించారు. ఫాంటు ఫైలును /యూఎస్ఆర్/షేర్/ఫాంట్స్ కింద పెట్టడంలో ఇబ్బంది ఏమీ రాలేదు. తెలుగు అక్షరాలు ఎదురైనప్పుడు మిగిలిన ఫాంట్ల కంటే ముందు దీన్నే ఎంచుకోవాలని ఫాంట్‌కాన్ఫిగ్‌కు (ఏ ఫాంటు వాడాలో తేల్చే వ్యవస్థకు) చెప్పే చిన్న అమరిక ఫైలు ఒకటి ఉంది. చిక్కంతా దాని దగ్గరే వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అసలు ఫైలు /యూఎస్ఆర్/షేర్/ఫాంట్‌కాన్ఫిగ్/కాన్ఫ్.ఎవైల్ డైరెక్టరీలో ఉండాలి, దాన్ని చూపించే సింలింకు (మరో ఫైలు ఉన్న చోటును చూపించే చిన్న గుర్తు) /ఈటీసీ/ఫాంట్స్/కాన్ఫ్.డి డైరెక్టరీలో ఉండాలి. ఫాంట్‌కాన్ఫిగ్ చదివేది ఈ రెండవ చోటును.

మేక్‌ఫైలులో ఆ లింకు కోసం ఎల్ఎన్ -ఎస్ కమాండు రాసేటప్పుడు, మిగతా వరుసలన్నింటిలో ఉన్నట్టే రెండు పాత్‌ల ముందూ డెస్ట్‌డిర్ (ప్యాకేజీ తయారయ్యే బిల్డ్ ఫోల్డరు పాత్) చేర్చాను. ప్యాకేజీ తయారైంది, నా యంత్రంలో ఫాంటు చక్కగా వచ్చింది. మిగిలిన యంత్రాలలో పెట్టినప్పుడు మాత్రం ఫాంటు జాబితాలో కనిపిస్తున్నా, తెలుగు పాఠం పాత ఫాంటులోనే వస్తోంది. దోష సందేశం ఏదీ మా కంట పడలేదు. రెండు రోజులు వెతికిన తరువాత లింకును తెరిచి చూస్తే, అది నా హోమ్ డైరెక్టరీలోని బిల్డ్ ఫోల్డరును చూపిస్తోంది! ఆ ఫోల్డరు నా దగ్గర ఇంకా ఉంది కనుక నా యంత్రంలో పనిచేసింది, మిగతా చోట్ల లేదు కనుక పనిచేయలేదు.

కారణం తెలిసిన తరువాత దాన్ని రిలేటివ్ లింకుగా, అంటే లింకు ఉన్న చోటు నుంచి దారి చెప్పేదిగా మార్చాను. ఎన్నిసార్లు పైకి వెళ్లాలో లెక్క కుదరక, ఒకటి ఎక్కువే ఉండనీ అని నాలుగు సార్లు ../ పెట్టి, ఆ తరువాత యూఎస్ఆర్/షేర్ అని రాశాను. ఇప్పుడు అన్ని యంత్రాలలోనూ పనిచేస్తోంది. అయితే మా సహోద్యోగి ఒకరు "ప్యాకేజీలో ఎప్పుడూ అబ్సొల్యూట్ లింకే (రూట్ నుంచి పూర్తి దారి చెప్పేదే) ఉండాలి" అంటున్నారు, ఇంకొకరు "ఎప్పుడూ రిలేటివే ఉండాలి" అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. దీనికి స్పష్టమైన నియమం ఏదైనా ఉందా? ఉంటే, దాని వెనుక ఉన్న కారణం ఏమిటో కూడా దయచేసి వివరించగలరు.

గోదారిగట్టు

నియమం ఉంది, దానికి కారణమూ ఉంది. ముందుగా మీకు ఎదురైన తప్పు సంగతి చూద్దాం. సింలింకు అంటే ఏమిటో దానికంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

సింలింకులో ఉండేది ఒక అక్షరాల వరుస మాత్రమే. ఎల్ఎన్ -ఎస్ కు మీరు ఇచ్చిన మొదటి మాటను అది ఉన్నది ఉన్నట్టుగా లింకులో రాసిపెడుతుంది. ఆ పేరుతో ఫైలు ఉందా లేదా అని కూడా చూడదు. డెబియన్ యంత్రంలో ఎల్ఎస్ -ఎల్ తో రూట్ డైరెక్టరీని చూస్తే, /బిన్ అనే లింకు పక్కన పరిమాణం 7 అని కనిపిస్తుంది. అది చూపించే "యూఎస్ఆర్/బిన్"ను ఇంగ్లీషు లిపిలో రాస్తే ఏడు గుర్తులు. ఆ లింకులో ఉన్న సరుకంతా అంతే. కాబట్టి ప్యాకేజీ తయారయ్యేటప్పుడు లింకు పేరు ముందు డెస్ట్‌డిర్ ఉండాలి, ఎందుకంటే లింకును సృష్టించేది బిల్డ్ ఫోల్డరులో. గమ్యం ముందు మాత్రం అది ఉండకూడదు, ఎందుకంటే ఆ గమ్యాన్ని వెతికేది ప్యాకేజీని స్థాపించిన యంత్రంలో.

ఇక నియమానికి వద్దాం. డెబియన్ విధాన పత్రం 10.5వ విభాగం ఇలా నిర్దేశిస్తుంది: లింకూ దాని గమ్యమూ ఒకే అగ్రస్థాయి డైరెక్టరీలో ఉంటే లింకు రిలేటివ్‌గా ఉండాలి, ఒక అగ్రస్థాయి డైరెక్టరీ నుంచి మరొక దానిలోకి చూపిస్తుంటే అబ్సొల్యూట్‌గా ఉండాలి. అగ్రస్థాయి అంటే రూట్‌కు నేరుగా కింద ఉండే /యూఎస్ఆర్, /ఈటీసీ, /వార్ లాంటివి. అంటే /యూఎస్ఆర్/లిబ్ నుంచి /యూఎస్ఆర్/షేర్‌లోకి వెళ్లే లింకు "../షేర్/..." అని మొదలవుతుంది, /వార్/రన్ మాత్రం నేరుగా /రన్ అని చూపిస్తుంది. మీ లింకు /ఈటీసీ నుంచి /యూఎస్ఆర్‌లోకి వెళుతోంది కనుక, విధాన పత్రం ప్రకారం అది అబ్సొల్యూట్‌గా ఉండాలి.

కారణం ఏమిటంటే, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ".." ను లెక్కించేది మీరు టైపు చేసిన పాత్‌ను బట్టి కాదు, లింకు నిజంగా ఉన్న డైరెక్టరీని బట్టి. పూర్వం /లిబ్ విడిగా ఉండేది. ఆ రోజుల్లో /లిబ్/ఫూ అనే డైరెక్టరీలో ఒక ప్యాకేజీ "../../యూఎస్ఆర్/షేర్/ఫూ" అనే లింకు పెట్టిందని అనుకుందాం. రెండు మెట్లు ఎక్కితే రూట్ వస్తుంది, అక్కడి నుంచి యూఎస్ఆర్‌లోకి దిగుతుంది, అంతా సవ్యంగానే ఉంటుంది. ఇప్పుడు /లిబ్ అనేదే యూఎస్ఆర్/లిబ్‌కు లింకుగా మారింది. ఫెడోరా అనే మరో లినక్స్ పంపిణీ ఈ మార్పును 2012లో 17వ విడుదలతోనే చేసింది. డెబియన్‌లో 2023 నాటి 12వ విడుదలకు అది తప్పనిసరి అయింది. మార్పు తరువాత మన లింకు నిజంగా ఉన్న చోటు /యూఎస్ఆర్/లిబ్/ఫూ. అక్కడి నుంచి రెండు మెట్లు ఎక్కితే వచ్చేది రూట్ కాదు, /యూఎస్ఆర్. అందువల్ల కెర్నల్ వెతికేది /యూఎస్ఆర్/యూఎస్ఆర్/షేర్/ఫూ కోసం. అటువంటిది ఉండదు. అదే లింకు అబ్సొల్యూట్‌గా ఉండి ఉంటే ఈ మార్పు దాన్ని తాకేది కాదు.

దీన్ని పరీక్షించేటప్పుడు చాలామంది బోల్తా పడే చోటు ఒకటి ఉంది. బాష్‌లో సీడీ .. అని కొడితే, షెల్ తాను గుర్తుంచుకున్న పాత్‌లోంచి చివరి ముక్కను తీసేసి అక్కడికి వెళుతుంది. అదే చోట ఎల్ఎస్ .. అని కొడితే, కెర్నల్ నిజమైన పై డైరెక్టరీని చూపిస్తుంది. సింలింకు గుండా లోపలికి వెళ్లినప్పుడు ఈ రెండింటికీ వేర్వేరు ఫలితాలు వస్తాయి. "సీడీతో వెళ్లి చూశాను, మెట్లు సరిపోయాయి" అనేవారి మాటను నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది.

మరో మాట: మీరు అదనంగా పెట్టిన నాలుగవ ../ తీసివేయండి. కాన్ఫ్.డి నుంచి రూట్‌కు మూడే మెట్లు: ఫాంట్స్, ఈటీసీ, రూట్. రూట్‌కు పై డైరెక్టరీ రూటే కాబట్టి నాలుగవది ఇప్పుడు హాని చేయడం లేదు. కానీ ఈ ఫైల్‌సిస్టమ్‌ను మరో యంత్రంలో /ఎంఎన్‌టీ/ఇమేజ్ కింద మౌంట్ చేస్తే, అదే లింకు /ఎంఎన్‌టీ/యూఎస్ఆర్‌లోకి వెళ్లిపోతుంది. రిలేటివ్ లింకు వల్ల కలిగే ఒకే ఒక్క లాభాన్ని ఆ అదనపు మెట్టు కాస్తా తినేస్తోంది.

వీటన్నింటినీ చేతితో లెక్కించవలసిన అవసరం కూడా లేదు. డెబియన్ డైరెక్టరీలో మీ ప్యాకేజీ పేరుతో .లింక్స్ ఫైలు పెట్టి, ఒక్కొక్క వరుసలో ముందు గమ్యాన్నీ తరువాత లింకు పేరునూ రాయండి. ప్యాకేజీ తయారీలో నడిచే డీఎచ్_లింక్ అనే ఉపకరణం దాన్ని చూసి, ఎక్కడ ఏ రకం కావాలో విధాన పత్రాన్ని బట్టి అదే తేల్చుకుంటుంది.

పల్లెసర్వర్

గోదారిగట్టు గారు నియమాన్ని చక్కగా వివరించారు. అయితే ఆ నియమం కాపాడేది ఒక రకమైన కదలికను మాత్రమే అన్నది కూడా చెప్పుకోవాలి. యంత్రం నడుస్తుండగా నిర్వాహకుడు ఒక అగ్రస్థాయి డైరెక్టరీని వేరే డిస్కుకు తరలించి, దాని స్థానంలో సింలింకు పెట్టడం అన్నది ఆ కదలిక. ఈ రోజుల్లో అలా చేసేవారు తక్కువ. చేసినా సింలింకుకు బదులు బైండ్ మౌంట్ (ఒక డైరెక్టరీని మరో చోట కూడా కనిపించేలా చేసే పద్ధతి) వాడతారు. నేను ప్రతివారం చూసే కదలిక వేరు: మొత్తం ఫైల్‌సిస్టమ్‌ను ఒక ఉప డైరెక్టరీలో పెట్టి బయటి నుంచి దానిపై పనిచేయడం. కంటైనర్ ఇమేజ్ కావచ్చు, క్రాస్ కంపైల్ (వేరే రకం యంత్రం కోసం కంపైల్ చేయడం) కోసం పెట్టుకున్న సిస్‌రూట్, అంటే ఆ యంత్రపు ఫైళ్ల నకలు కావచ్చు, చెడిపోయిన యంత్రపు డిస్కును తెచ్చి /ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయడం కావచ్చు. అక్కడ నష్టం చేసేది అబ్సొల్యూట్ లింకే.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు కోసం ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసినవారికి ఇది బాగా తెలుసు. బోర్డులోని /లిబ్, /యూఎస్ఆర్ రెండింటినీ ఒక ఫోల్డరులోకి కాపీ చేసుకుని లింకర్‌కు (ప్రోగ్రాముకు లైబ్రరీలను జోడించే ఉపకరణానికి) చూపిస్తాం. అందులో కొన్ని లైబ్రరీల .ఎస్‌ఓ లింకులు /లిబ్/... అని అబ్సొల్యూట్‌గా ఉంటాయి, పైన చెప్పిన నియమం ప్రకారమే. లింకర్ వాటి వెంట పోయి ల్యాప్‌టాప్ సొంత /లిబ్‌లో వెతుకుతుంది. అక్కడ ఆ ఫైలు దొరకదు, లేదా వేరే ప్రాసెసర్‌కు చెందినది దొరుకుతుంది. అందుకే సిస్‌రూట్‌లోని లింకులన్నింటినీ రిలేటివ్‌గా మార్చే స్క్రిప్టులు పుట్టుకొచ్చాయి, బోర్డుల కోసం లినక్స్ తయారు చేసే యోక్టోలో అలాంటిది ఒకటి చేర్చే ఉంది.

లైబ్రరీ దొరకకపోతే కంపైల్ ఆగుతుంది, అంతే. తప్పు ఫైలులో రాయడం అంతకంటే ప్రమాదకరం. మౌంట్ చేసిన ఇమేజ్‌లో ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ అనేది /రన్ కిందికి అబ్సొల్యూట్ లింకుగా ఉందని అనుకోండి. నిర్వాహక (రూట్) అధికారంతో /ఎంఎన్‌టీ/ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్‌లో నేమ్‌సర్వర్ చిరునామా మార్చామని మనం అనుకుంటాం. నిజానికి మారేది మన సొంత యంత్రపు ఫైలు. ఉబుంటులో ఆ లింకు "../రన్/సిస్టమ్‌డీ/రిజాల్వ్/స్టబ్-రిజాల్వ్.కాన్ఫ్" అని రిలేటివ్‌గా ఉంటుంది. ఇమేజ్‌లో రన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి, తప్పు చోట రాయడానికి బదులు దోష సందేశం వస్తుంది. ఏమీ జరగకపోవడం ఇక్కడ మేలు.

/ఈటీసీ/ఓఎస్-రిలీజ్ ఇంకా మంచి ఉదాహరణ. అది /ఈటీసీ నుంచి /యూఎస్ఆర్/లిబ్‌లోకి, అంటే అగ్రస్థాయిని దాటి వెళ్లే లింకు. అయినా క్రూట్‌లోనూ (ఒక ఉప డైరెక్టరీనే రూట్‌గా చూపే ఏర్పాటు) ఇనిట్‌ఆర్‌డీలోనూ (యంత్రం మొదలయ్యేటప్పుడు వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) గమ్యం తప్పకుండా దొరకాలి కనుక దాన్ని రిలేటివ్‌గానే పెట్టమని ఆ ఫైలు మాన్యువల్ పేజీ చెబుతుంది. డెబియన్‌లో కూడా అది "../యూఎస్ఆర్/లిబ్/ఓఎస్-రిలీజ్" అనే ఉంది. అంటే డెబియన్ తన సాధారణ నియమాన్ని ఇక్కడ తానే పక్కన పెట్టింది. విధాన పత్రంలోని ఆ వాక్యం "సాధారణంగా" అనే మొదలవుతుందని మరువకూడదు.

గోదారిగట్టు గారి ఉదాహరణలో లింకు విరిగింది గమ్యం కదిలినందువల్ల కాదు, లింకు ఉన్న వైపు కదిలినందువల్ల. పైకెక్కే మెట్లు లింకు వైపున ఉంటాయి. గమ్యం వైపు అన్నీ దిగే మెట్లే. రేపు ఎవరైనా /యూఎస్ఆర్‌ను తీసి వేరే డిస్కులో పెట్టి అక్కడికి లింకు పెట్టినా, /ఈటీసీ నుంచి రూట్‌కు ఎక్కి మళ్లీ యూఎస్ఆర్‌లోకి దిగే రిలేటివ్ లింకుకు ఏ బాధా ఉండదు. అది విరగాలంటే /ఈటీసీ కదలాలి. /ఈటీసీని సింలింకుగా మార్చిన యంత్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు. కనుక అచ్చుపెట్టె గారి లింకు మూడు మెట్లతో రిలేటివ్‌గా ఉన్నా, నా దృష్టిలో అది తప్పు కాదు. అదే లింకు తలకిందులై /యూఎస్ఆర్ నుంచి /ఈటీసీలోకి వస్తుంటే, అబ్సొల్యూట్‌కే నేను ఓటు వేస్తాను.

గోదారిగట్టు

ఏ వైపు కదిలితే విరుగుతుందన్న వివరణ బాగుంది. నేను అంత విడమరిచి చెప్పలేదు. అయితే కార్యాలయంలో ఒకరు తయారు చేసిన ప్యాకేజీని రేపు మరొకరు చూసుకోవలసి వస్తుంది. ప్యాకేజీలను తనిఖీ చేసే లింటియన్ ఎందుకు గొణుగుతోందో ఆ రెండవ వ్యక్తికి వివరించే భారం కంటే, విధాన పత్రాన్ని అనుసరించడం తేలిక. ఇమేజ్‌ను బయటి నుంచి తెరిచే ఉపకరణాలు ఆ ఇమేజ్‌నే రూట్‌గా భావించి లింకులను చదవాలన్నది నా అభిప్రాయం. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి ఓపెన్ఎట్2 అనే సిస్టమ్ కాల్‌లో సరిగ్గా అందుకోసమే ఒక వీలు కల్పించారు. ఉపకరణం చేయవలసిన పనిని ప్రతి ప్యాకేజీ మీదా రుద్దడం నాకు సబబుగా తోచదు.

పల్లెసర్వర్

సిద్ధాంతం సరే. ఆ సౌకర్యాన్ని షెల్‌లోని రీడైరెక్షన్ (> గుర్తుతో ఫైలులోకి రాయడం) ఎప్పుడు వాడుకుంటుందో చెప్పండి, అంతవరకు నేను రిలేటివ్ లింకులతోనే కాలక్షేపం చేస్తాను.

ఆర్పీఎంబండి

ఫెడోరా వాడే ఆర్‌పీఎం ప్యాకేజీల వైపు నుంచి రెండు మాటలు. ఫెడోరా మార్గదర్శకాలు ఏదో ఒక రకాన్ని తప్పనిసరి చేయవు, ప్యాకేజీ చేసేవారి విచక్షణకే వదిలేస్తాయి. తనిఖీ ఉపకరణమైన ఆర్‌పీఎంలింట్ మాత్రం రిలేటివ్ వైపే మొగ్గుతుంది. అచ్చుపెట్టె గారు చేసిన తప్పును ఆర్‌పీఎం‌బిల్డ్ అసలు ముందుకు సాగనివ్వదు: లింకు బిల్డ్‌రూట్‌ను (బిల్డ్ ఫోల్డరును) చూపిస్తోందని చెప్పి బిల్డును అక్కడే ఆపేస్తుంది. ఈ తప్పు చేసేవారు ఎంతమంది ఉంటే అలాంటి తనిఖీ పెట్టి ఉంటారో ఊహించుకోవచ్చు, కనుక మీరు నొచ్చుకోవలసిన పని లేదు.

మెట్లు లెక్కపెట్టడం ఇష్టం లేనివారికి ఎల్ఎన్‌లో -ఆర్ అనే ఎంపిక ఉంది. గ్నూ కోర్‌యుటిల్స్‌లో ఇది 2012లో 8.16వ విడుదలతో వచ్చింది. దీన్ని వాడేటప్పుడు మాత్రం రెండు పాత్‌ల ముందూ డెస్ట్‌డిర్ ఉండాలి, అంటే మీరు మొదట రాసినట్టే. రెండింటి మధ్య దూరాన్ని అదే లెక్కగట్టి../ లు పెడుతుంది. ఒక జాగ్రత్త అవసరం. ఈ ఎంపిక లెక్కించే ముందు దారిలో ఎదురైన సింలింకులన్నింటినీ చివరి వరకు విప్పేస్తుంది. లిబ్‌ఫూ.ఎస్‌ఓ.1 అనేది లిబ్‌ఫూ.ఎస్‌ఓ.1.2.3 కు లింకు అయి ఉండగా, లిబ్‌ఫూ.ఎస్‌ఓ నుంచి లిబ్‌ఫూ.ఎస్‌ఓ.1 కు -ఆర్ తో లింకు పెట్టమంటే, మధ్యలో ఉన్నదాన్ని దాటేసి నేరుగా 1.2.3 నే రాస్తుంది. రేపు 1.2.4 వస్తే ఆ లింకు తెగిపోతుంది. ఒకే డైరెక్టరీలోని లైబ్రరీ లింకులకు -ఆర్ వాడకండి, పేరు మాత్రమే ఇస్తే చాలు.

అచ్చుపెట్టె

అందరికీ ధన్యవాదాలు. మా సహోద్యోగులు ఇద్దరూ ఇది చదివారు. ఒకరు సర్వర్ల నిర్వహణలోనూ మరొకరు ఇమేజ్‌ల తయారీలోనూ పనిచేస్తారు కనుక, ఎవరి గాయం వారికి గుర్తుందని అర్థమైంది. మా కార్యాలయంలో ఇమేజ్‌లను బయటి నుంచి సవరించే అలవాటు లేనందున, .లింక్స్ ఫైలు పెట్టి డీఎచ్_లింక్‌కే వదిలేశాను. అది అబ్సొల్యూట్ లింకునే పెట్టింది.

ఈసారి యంత్రాలకు పంపే ముందు డీపీకేజీ-డెబ్ -సీ తో ప్యాకేజీలోని లింకుల గమ్యాలను చదివాను, వాటిలో నా హోమ్ డైరెక్టరీ పేరు ఎక్కడైనా ఉందేమో వెతికాను. తెగిన లింకులను పట్టే ఫైండ్ -ఎక్స్‌టైప్ ఎల్ ను బిల్డ్ ఫోల్డరు మీద నడిపితే, సరిగ్గా ఉన్న అబ్సొల్యూట్ లింకు కూడా తెగినట్టే వచ్చింది. నా యంత్రంలో పాత ప్యాకేజీని తీసివేసి ఉండటమే దానికి కారణమని కాసేపటికి తెలిసింది. చివరికి ఆ పరీక్షను శుభ్రమైన క్రూట్‌లో స్థాపించిన తరువాతే చేశాను.

ఇంకొక్క సందేహం మిగిలింది. ఎవరైనా మా ఫాంటు ప్రాధాన్యం వద్దనుకుని కాన్ఫ్.డిలోని లింకును తొలగిస్తే, తరువాతి కూర్పు వచ్చినప్పుడు అది మళ్లీ వస్తుందా?

గోదారిగట్టు

వస్తుంది. /ఈటీసీలోని మామూలు ఫైళ్లను డెబ్‌హెల్పర్ (ప్యాకేజీ తయారీ ఉపకరణాల సమితి) కాన్ఫ్‌ఫైళ్లుగా నమోదు చేస్తుంది, అందువల్ల వాటిని వాడుకరి మార్చినా తొలగించినా ప్యాకేజీలను స్థాపించే డీపీకేజీ గౌరవిస్తుంది. సింలింకులను ఆ జాబితాలో చేర్చదు. వాటిని ప్రతి కూర్పుతోనూ మళ్లీ పెడుతుంది. ఇందులో అబ్సొల్యూట్, రిలేటివ్ అన్న తేడా లేదు. ఆ వాడుకరిని లింకు జోలికి వెళ్లవద్దని చెప్పి, తన ఇష్టాన్ని /ఈటీసీ/ఫాంట్స్/లోకల్.కాన్ఫ్‌లో గానీ, హోమ్ డైరెక్టరీలోని ఫాంట్‌కాన్ఫిగ్ అమరికలో గానీ రాసుకోమనండి.

అచ్చుపెట్టె

మీ జవాబు చూసే లోపే కొత్త కూర్పును అన్ని యంత్రాలలో స్థాపించాను, ఒకచోట అదే జరిగింది. పాత లింకు పనిచేయని రోజుల్లో డీటీపీ విభాగంలో ఒకరు దాన్ని తొలగించి, అదే పేరుతో ఒక మామూలు ఫైలు పెట్టి, ఫాంట్ల వరుసను తమకు నచ్చినట్టు మార్చుకున్నారట. కొత్త ప్యాకేజీ ఆ ఫైలు స్థానంలో నిశ్శబ్దంగా లింకును పెట్టేసింది. అదృష్టవశాత్తు ఆయన దగ్గర ఒక నకలు ఉంది. దాన్ని ఇప్పుడే లోకల్.కాన్ఫ్‌లోకి మార్చి ఇచ్చాను.